ఎవరి వీపు మీద

ఉస్తా తౌఫీక్ కుట్టిన రజాయి కప్పుకోకుండా ఆ ఊళ్ళో ఏ పెళ్ళికూతురూ కాపురం మొదలుపెట్టలేదు. చేయి తిరిగిన పనివాణ్ణి మా వైపు ఉస్తా అంటారు. కింది బజారులో రొట్టెల కొట్టు పక్కనే అతని దుకాణం. పొద్దున్నే దూది ఏకడం మొదలుపెడితే మధ్యాహ్నానికి మీసం, కనుబొమలు, తలపాగా అన్నీ తెల్లబడి, ఉన్న వయసు మీద ఇంకో ఇరవై ఏళ్ళు పైబడ్డట్టు కనిపించేవాడు. కూర్చుని కుట్టే పని కనక పెట్టుడు కాలు విప్పి గోడకి ఆనించేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు దానివంక చూసి ఇబ్బంది పడితే, "దానికి పని రాదు, అందుకే నిలబెట్టా" అనేవాడు.

నోరున్న మనిషి. పెళ్ళివారు అల్లుడి కొలతలు చెప్తుంటే, "ఇంత పొడుగు మనిషిని ఎక్కడ పట్టారమ్మా, కాళ్ళకి వేరే రజాయి కుట్టమంటారా?" అని ఏడిపించేవాడు. అయినా అందరూ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. పాత దూది కలిపితే కలిపానని ముందే చెప్తాడు, కలపకపోతే ఒట్టు వేయడు. దూది బేరంలో అది చిన్న విషయం కాదు. తన మాట మీద ఊరికి నమ్మకం ఉందని అతనికి తెలుసు. ఆ సంగతి తలుచుకుని లోలోపల కొంచెం మురిసిపోయేవాడు కూడా.

ఊళ్ళో పార్టీలు రెండు. వాటి అసలు పేర్లు మనకెందుకు, ఒకటి పై బజారు పార్టీ, ఇంకోటి కింది బజారు పార్టీ అనుకుందాం. కుర్దులం ఒక్కటిగా నిలబడితే కొండలు కూడా కదులుతాయని పాటలు పాడతాం గానీ, ఆ పాటలైనా ఒకచోట కూర్చుని పాడం. తొంభైల్లో అన్నదమ్ముల యుద్ధం వచ్చినప్పుడు ఈ రెండు బజార్లూ ఒకదాన్నొకటి కాల్చుకున్నాయి. తౌఫీక్ కింది బజారు మేడ మీద, షేర్జాద్ అనే తేనెపెట్టెలవాడు పై బజారు మేడ మీద. ఎవడి తూటా ఎవడికి తగిలిందో దేవుడికే తెలియాలి. రాజీ అయ్యాక కూడా ఏళ్ళ తరబడి ఇద్దరూ ఎదురుపడితే ఒకడు రోడ్డు దాటేవాడు. రొట్టెల కొట్టు దగ్గర ఒకడుంటే ఇంకొకడు ఆకలికైనా ఓర్చుకునేవాడు గానీ వరసలో నిలబడేవాడు కాదు.

తర్వాత దాయిష్ వాళ్ళు, అదే ఐసిస్ వాళ్ళు, వచ్చారు. అప్పటికి ఇద్దరూ నడివయసు దాటినవాళ్ళే. అయినా మళ్ళీ కుర్దు సైనికుల, అంటే పెష్మెర్గాల, బట్టలు కట్టి, నడుముకి నడికట్టు చుట్టి కిర్కుక్ దిగువకి వెళ్ళారు. అక్కడ కూడా రెండు పార్టీల దళాలు వేరే. మధ్యలో కాలవ. కాలవకి ఇటు కింది బజారు, అటు పై బజారు. జనం వదిలేసి పోయిన ఒక పల్లెలో దానిమ్మ తోటలోకి తౌఫీక్ ముందుగా అడుగుపెట్టాడు. పోతూ పోతూ దాయిష్ వాళ్ళు తోటంతా మందుపాతరలు నాటిపోయారు. శబ్దం వినపడ్డ తర్వాత చూసుకుంటే కుడి పాదం లేదు.

వెనక నుంచి కమాండర్, "ఎవ్వరూ కదలొద్దు" అని అరిచాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అడుగు తీసి అడుగు వేస్తే ఇంకొకడు పోతాడు. తౌఫీక్ దళంలో వాళ్ళంతా ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. కొందరు ఏడ్చారు కూడా. అప్పుడు కాలవ అవతలి నుంచి మోకాలిలోతు నీళ్ళలో ఒక మనిషి దిగాడు. ఇవతలి గట్టెక్కి, తోటలోకి తౌఫీక్ నడిచి వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వచ్చి, నడికట్టు విప్పి కాలికి బిగించి, వీపు మీద ఎత్తుకుని మళ్ళీ అవే అడుగుల్లో తిరిగి నడిచాడు. దారి పొడవునా తిట్టాడు.

"కాస్త తేలిగ్గా ఉండలేవురా గాడిదా! మీ పార్టీ జీతం తిని ఏం ఒళ్ళు చేశావురా! కదలకు, కదిలావంటే దింపేసి పోతా. నా పెళ్ళాం నన్ను చంపేస్తుంది."

ఆ మనిషి షేర్జాద్. తౌఫీక్‌కి ఆ రోజు సంగతుల్లో నొప్పి కంటే ఎక్కువ గుర్తున్నది ఆ మెడ. చెమటతో తడిసిన ఆ మెడకి మొహం ఆనించి, ఇరవై ఏళ్ళు మాట్లాడని మనిషి తిట్లు వింటూ, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత ఇద్దరూ ఒకే కంచం, ఒకే మంచం అయ్యారు. మామ్ కాదిర్ టీ కొట్టులో ఒకే బల్ల. షేర్జాద్ లోపలికి వస్తే తౌఫీక్ పెట్టుడు కాలు మీదే తంటాలు పడి లేచి నిలబడేవాడు. "కూర్చోరా, గవర్నరు రాలేదు" అని షేర్జాద్ కసిరినా వినేవాడు కాదు. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఎవరూ అడక్కపోయినా, దానిమ్మ తోట కథ చెప్పేవాడు. "మావాళ్ళు ఇవతల నిలబడి ఏడుస్తున్నారు, వాడు అవతల నుంచి వచ్చి నన్ను తిడుతున్నాడు" అనేసరికి జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ కథ ఊళ్ళో రాయికీ రప్పకీ తెలుసు.

ఆ రోజుల్లోనే సులేమానీ పట్నం నుంచి షిలాన్ అనే అమ్మాయి కెమెరాతో వచ్చింది. యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్న పెష్మెర్గాలు ఇప్పుడెలా బతుకుతున్నారో డాక్యుమెంటరీ తీస్తోంది. అమ్మాయి మంచిది, ఆమె తండ్రి కూడా కొండల్లో పోరాడుతూ పోయినవాడే. అయితే మా వైపు కెమెరా పట్టుకుని ఎవరొచ్చినా ముందు పార్టీ ఆఫీసుకి వెళ్ళి టీ తాగాలి. టీ తాగాక ఆ ఆఫీసు పెద్ద అతిథిని ఒంటరిగా పంపడు, తానే వెంట వచ్చి పక్కన కూర్చుంటాడు. అది బెదిరింపు కాదు, మర్యాద. అలాగే కింది బజారు ఆఫీసు పెద్ద సత్తార్ నలుగురిని వెంటేసుకుని తౌఫీక్ దుకాణానికి వచ్చి, దూది మూట మీద కూర్చుని జపమాల తిప్పుతున్నాడు.

ఈ సత్తారే ఆ మధ్య తౌఫీక్ కొడుకు రావాజ్‌ని చెక్‌పోస్టు కాపలాలో పెట్టించాడు. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు.

షిలాన్ చాలా అడిగింది. తౌఫీక్ చాలా చెప్పాడు. కాలు మీద జోకులు కూడా వేశాడు, కెమెరా పట్టుకున్న అబ్బాయి నవ్వు ఆపుకోలేక కెమెరా కదిలించాడు. అప్పుడా అమ్మాయి అడిగింది.

"ఆ రోజు తోటలోంచి మిమ్మల్ని ఎవరు బయటికి తెచ్చారు, ఉస్తా?"

సత్తార్ ఏమీ అనలేదు. ఉరిమి చూడలేదు, దగ్గలేదు. అతని వేళ్ళ మధ్య పూసలు ఆగాయి, అంతే.

"మా కుర్రాళ్ళే" అన్నాడు తౌఫీక్. "మా వాళ్ళే మోసుకొచ్చారు."

"పేరు గుర్తుందా?"

"పేరేం గుర్తుంటుందమ్మా, ఒంటి మీద తెలివి ఉంటే కదా."

పూసలు మళ్ళీ కదిలాయి. పోయేటప్పుడు సత్తార్ భుజం తట్టి, "బాగా చెప్పావు" అన్నాడు. ఆ మాట విన్నాక తౌఫీక్‌కి తను చేసిన పని తెలిసొచ్చింది. గుండెల మీద ఎవడైనా తుపాకీ పెట్టి ఉంటే చెప్పుకోడానికి ఓ సాకైనా ఉండేది. ఎవరూ పెట్టలేదు. కనీసం ఎవరూ అడగలేదు. అడక్కుండానే నోరు దానంతటదే వంగి సలాం కొట్టింది.

ఇంటికి వెళ్తే భార్య బహీజా రొట్టెలు వత్తుతోంది.

"ఏమయ్యా సినిమా హీరో, షేర్జాద్ అన్న గురించి బాగా చెప్పావా?"

"ఏదో... మామూలుగా."

"మామూలుగా అంటే?"

"మావాళ్ళు తెచ్చారని అన్నా."

బహీజా చేతిలో కర్ర ఆగింది. "మీవాళ్ళా? మీవాళ్ళు ఇవతల నిలబడి ముక్కులు చీదుకున్నారని ప్రతి పెళ్ళిలో వాగేది నువ్వే కదా?"

"సత్తార్ పక్కనే ఉన్నాడే."

"అలా చెప్పమన్నాడా?"

"లేదు. రావాజ్ ఉద్యోగం..."

"వాణ్ణి మధ్యలోకి లాగకు. వాడేమన్నా అడిగాడా?"

"లేదు."

"సత్తార్ అడగలేదు, రావాజ్ అడగలేదు. మరి ఎవరడిగారయ్యా నిన్ను?"

తౌఫీక్ ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఆ ముక్క తీసెయ్యమంటానన్నాడు. "ఇప్పుడే చెయ్యి" అంది బహీజా. రేపు చేస్తానన్నాడు. రేపు వెళ్ళి ఎల్లుండి వచ్చింది. పెళ్ళిళ్ళ కాలం, రజాయిలు ఆగవు. చేసి ఏమని చెప్పాలి? భయపడి అబద్ధమాడానమ్మా అనాలి. తన కూతురు వయసు పిల్లకి ఆ మాట ఎలా చెప్తాడు? ఫోన్ తీసేవాడు, మళ్ళీ జేబులో పెట్టేవాడు. పిరికితనానికి ఎప్పుడూ చేతినిండా పనే.

కొన్నాళ్ళకి టీ కొట్టులో షేర్జాద్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఏరా, నన్ను కూడా పట్టుకుంది ఆ పిల్ల, తేనెపెట్టెల దగ్గర!"

తౌఫీక్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమడిగింది?"

"ఏవో అడిగింది. నేను తేనెటీగల గురించి ఎక్కువ చెప్పా, యుద్ధం గురించి తక్కువ చెప్పా. ఆ కెమెరా అబ్బాయిని ఓ ఈగ ముక్కు మీద కుట్టింది, పాపం దోసకాయంత అయింది." పగలబడి నవ్వి, తెచ్చిన తేనెసీసా బల్ల మీద పెట్టాడు. "బహీజాకి ఇవ్వు. నువ్వు తినేశావంటే మళ్ళీ నిన్ను ఎవడూ మొయ్యలేడు."

తౌఫీక్ కూడా నవ్వాడు. అలా నవ్వగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. షేర్జాద్ ఏం చెప్పాడో అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాడు.

సినిమా తయారైంది. ముందుగా ఊళ్ళోవాళ్ళకే చూపిస్తానని షిలాన్ స్కూలు హాల్లో తెర కట్టించింది. ఊరు ఊరంతా వచ్చింది. ఎవరూ చెప్పకుండానే పై బజారు వాళ్ళు ఒకవైపు, కింది బజారు వాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. ముందు వరసలో సత్తార్. షేర్జాద్ భార్య ఖావర్ నవ్రోజ్ పండక్కి కట్టే మెరుపుల గౌను వేసుకుని, అక్కచెల్లెళ్ళిద్దర్నీ పక్క ఊరి నుంచి పిలిపించుకుని మరీ వచ్చింది. మొగుడి పేరు తెర మీద వినపడుతుందని ఆవిడ వాళ్ళకి చెప్పే ఉంటుంది. ఆ గౌను చూడగానే తౌఫీక్‌కి లేచి పారిపోదామనిపించింది. చుట్టూ జనం, పెట్టుడు కాలు, ఎక్కడికని పారిపోతాడు?

తెర మీద తన మొహం గోడంత పెద్దదిగా వచ్చింది. మీసానికి దూది. జోకులకి హాలంతా నవ్వింది. తర్వాత ఆ ప్రశ్న. "మా కుర్రాళ్ళే. మా వాళ్ళే మోసుకొచ్చారు."

అప్పుడు సత్తార్ చప్పట్లు మొదలుపెట్టాడు. వెనక వరస అందుకుంది. కింది బజారు అందుకుంది. చివరికి పై బజారు కూడా కొట్టింది. తౌఫీక్ తల తిప్పి చూడకూడదనుకుంటూనే చూశాడు. షేర్జాద్ అందరితో పాటు చప్పట్లు కొడుతున్నాడు. మనసులేకుండా కాదు, పెళ్ళిలో కొట్టినట్టు గట్టిగా కొడుతున్నాడు.

ఖావర్ కొట్టలేదు. లేచి, అక్కచెల్లెళ్ళని లేవదీసి, వరసలో మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి నడిచింది. తెర వెలుగు ఆవిడ గౌను మీద పడి మెరుపులన్నీ తళతళమన్నాయి. తౌఫీక్ కుర్చీ పక్కనుంచే వెళ్ళింది గానీ అతని వంక చూడలేదు. చూసి ఓ తిట్టు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత సినిమాలో ఏముందో అతనికి తెలియదు. మధ్యలో ఎక్కడో షేర్జాద్ ముసుగేసుకుని ఈగలకి పొగ పెడుతూ కనిపించాడు. తోట మాట ఎత్తలేదు.

మర్నాడు తౌఫీక్ దుకాణం తెరవలేదు. తిన్నగా టీ కొట్టుకి వెళ్ళి, డొమినోలు ఆడుతున్న బల్లల మధ్య నిలబడ్డాడు. షేర్జాద్ రాలేదు, తేనెపెట్టెల దగ్గరికి వెళ్ళాడు.

"అందరూ వినండి. నేను చెప్పింది అబద్ధం. నన్ను మోసుకొచ్చింది షేర్జాద్."

కొట్టు యజమాని మామ్ కాదిర్ గ్లాసులు కడుగుతూ తలెత్తాడు. "తెలుసు. కూర్చో, టీ పోస్తా."

"తెలుసా?"

"నీ నోటితోనే వందసార్లు విన్నాం కదయ్యా. తెలియకేం?"

"మరి నిన్న చప్పట్లెందుకు కొట్టారు?"

ముక్కలు చేతుల్లో పట్టుకుని ఎవరి ముక్కలు వాళ్ళు చూసుకుంటున్నారు. చివరికి మూల బల్ల దగ్గర కూర్చున్న పై బజారు ముసలాయన, "మా పెద్దాడి ఉద్యోగం కూడా సత్తార్ చేతిలోనే ఉంది, ఉస్తా" అన్నాడు. ఇంకొకడు, "మొదలుపెట్టినవాడివి నువ్వు, మమ్మల్నంటావేం?" అన్నాడు. ముక్క బల్ల మీద ఠపీమని పడింది. ఆట సాగింది.

ఒప్పుకుంటే బరువు దిగుతుందనుకున్నాడు తౌఫీక్. తెలిసినవాళ్ళ దగ్గర ఒప్పుకుంటే ఏం దిగుతుంది? తెలియనివాళ్ళు వేరే ఉన్నారు. ఆ సినిమా తిరగబోయే ఊళ్ళూ దేశాలంతటా ఉన్నారు. టీ ముట్టకుండానే బయటికొచ్చి సులేమానీ టాక్సీ ఎక్కాడు.

షిలాన్ తన గదిలో పని చేసుకుంటోంది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. తౌఫీక్ నేల చూపులు చూస్తూ ఉన్నదంతా చెప్పాడు. సత్తార్ పూసల సంగతి, రావాజ్ ఉద్యోగం సంగతి, రేపు రేపని వాయిదా వేసిన సంగతి కూడా దాచలేదు. "ఆ ముక్క తీసెయ్యమ్మా. లేదా కెమెరా పెట్టు, మళ్ళీ చెప్తా. సత్తార్‌నే పక్కన కూర్చోబెట్టుకుని చెప్తా."

ఆ అమ్మాయి చేస్తున్న పని ఆపింది. "ఊళ్ళో నాకు ముందే ఎవరో చెప్పారు, మిమ్మల్ని మోసింది షేర్జాద్ గారని" అంది. "అందుకే ఆయన దగ్గరికి వెళ్ళాను. మీరిద్దరూ ఒకటే మాట చెప్పారు కాబట్టి మీది ఉంచాను." తర్వాత సినిమాలో పెట్టని ముక్కొకటి తీసి చూపించింది.

షేర్జాద్ తేనెపెట్టె మూత ఎత్తుతున్నాడు. వెనక నుంచి షిలాన్ గొంతు, "తోటలోంచి తౌఫీక్ గారిని తెచ్చింది మీరేనటగా?"

షేర్జాద్ ముసుగు పైకెత్తాడు. "వాడేమన్నాడు?"

"వాళ్ళ కుర్రాళ్ళే తెచ్చారన్నారు."

షేర్జాద్ పెట్టెలోకి పొగ వదిలాడు. అవసరమైన దానికంటే ఎక్కువే వదిలాడు. ఆ పొగలోంచి అతని గొంతు వినపడింది. "అయితే అదే నిజం. మోయించుకున్నవాడికి తెలియదా అమ్మా, ఎవరి వీపు మీద ఉన్నాడో?" తర్వాత ఈ వైపు తిరిగి నవ్వాడు. "అయినా వాడి ఒళ్ళు చూశావా? నా వల్ల అవుతుందా?"

తౌఫీక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"మీరు చెప్తానంటే తీస్తాను, ఉస్తా" అంది షిలాన్ నెమ్మదిగా. "కానీ మీ మాట నిజమని పెడితే, ఆయన అబద్ధమాడారని పెట్టినట్టే. ఆయన్ని అడిగి రండి."

షేర్జాద్ ఇంటి తలుపు ఖావర్ తీసింది. ఏ పగ ఉన్నా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనరు మా వైపు. పక్కకి తప్పుకుని, "రా, ఉస్తా" అంది. గదిలో పెద్ద అతిథుల్ని కూర్చోబెట్టే పై చోటున, తలగడలు వేసిన చోట కూర్చోమంది. షేర్జాద్ చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఏరా, ఇటు దారి తప్పావు? రావాజ్ ఉద్యోగం పక్కా అయిందా?"

"అయింది" అన్నాడు తౌఫీక్. ఆ మాట అంటుంటే నాలుక పీక్కుందామనిపించింది. "నేను సులేమానీ వెళ్ళొచ్చా. నువ్వు చెప్పింది చూశా."

షేర్జాద్ మొహంలో నవ్వు ఆగిపోయింది. "అది పెట్టనని చెప్పిందే ఆ పిల్ల."

"ఎందుకన్నావురా అలా?"

"నువ్వు అలా చెప్పావంటే ఏదో ఇరుకులో ఉండే చెప్పి ఉంటావు. నేను ఇంకోలా చెప్తే నీ మాట ఏమవుతుంది? దుకాణం మీద బతికేవాడివి."

"కెమెరా ముందు మళ్ళీ చెప్తా. నిజం చెప్తా."

"చెప్పి? నన్ను అబద్ధాలకోరుని చేస్తావా? అయిపోయిందిలే, వదిలెయ్. నాకు తెలుసు, నీకు తెలుసు, చాలదూ?"

ఖావర్ ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి వండిన దోల్మా పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. వేడి పొగలు కక్కుతోంది. పక్కన పెరుగు, రొట్టె. పెట్టి, వెళ్ళిపోలేదు. మొగుడి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఉస్తా, ఈయన నిన్ను ఎత్తుకొచ్చిన రోజు నాకు కబురొచ్చింది. మందుపాతర్ల మధ్యకి వెళ్ళాడని తెలిసి భయంతో వణికిపోయా. తిట్టుకున్నా. అయినా నిన్ను మోసినందుకు ఒక్కనాడూ బాధపడలేదు. పేరు చెప్పలేదని నిన్న లేచి వచ్చేశాను, నిజమే, ఆడదాన్ని, మొగుడి పేరు వినాలని ఆశపడ్డా. అది కూడా పోనీ." ఆవిడ రొట్టె తుంచి అతని ముందు పెట్టింది. "ఈయన నోట అబద్ధం నేనెప్పుడూ వినలేదు. నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా, మా ఇంట్లో పైకప్పు కారుతుంది, ఇష్టమైతేనే రా అన్నాడు. నీ ఒళ్ళు మోశాడు, సరే. నీ అబద్ధం కూడా ఈయన చేతే మోయించావా?"

"ఖావర్!" అన్నాడు షేర్జాద్.

"ఏం, ఇంటికొచ్చిన మనిషిని తిట్టానా? అడిగానంతే. తిను, ఉస్తా, చల్లారిపోతుంది."

ఆవిడే పళ్ళెం అతని ముందుకి జరిపింది. తౌఫీక్ తల వంచుకుని తిన్నాడు. పళ్ళెం ఖాళీ కాకముందే ఖావర్ మళ్ళీ వడ్డించింది. వద్దనడానికి అతనికి నోరు రాలేదు.